టాకెట్ల గేటు దగ్గర దులిపిన దుమ్ము

మా ఆయన ఓరిన్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకేమో భయం నాలుక మీద ఉంటుంది. ఈ రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తే ఏమవుతుందో మిస్సోరీలో ఉన్నప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది.

మాకు మైలు దూరంలో టాకెట్లు ఉండేవాళ్ళు. కెంటకీ నుంచి వచ్చి పదేళ్ళుగా అక్కడ పాతుకుపోయిన మనుషులు. మేం మోర్మన్లమని, చుట్టుపక్కల వాళ్ళకి గిట్టని కొత్త మతం వాళ్ళమని తెలిసి కూడా మొదటి చలికాలం మా పొయ్యి ఆరిపోతే, ఆర్మిండా టాకెట్ ఇనప మూకుడులో నిప్పులు పట్టుకుని మంచులో నడిచొచ్చింది. మే నెలలో నాకు పురుడు పోసిందీ ఆమే. బిడ్డ అడ్డం తిరిగితే, "అరువు, గట్టిగా అరువు, నీ మొగుడు అక్కడ కట్టెలు కొడుతున్నట్టు నటిస్తున్నాడు, వాడిక్కూడా వినపడాలి" అని నవ్వించి మరీ బయటికి లాగింది. ఆమె భర్త రాన్సమ్ మాటకారి కాదు. పంది మాంసం ఉప్పేస్తే ఒక తొడ మా కంచె మీద పెట్టిపోయేవాడు.

ఆగస్టులో ఎలక్షన్ వచ్చి అంతా పాడైంది. ఓటు వేయడానికి వెళ్ళిన మా వాళ్ళని అక్కడివాళ్ళు ఆపారు, మా వాళ్ళు దుడ్డుకర్రలు పట్టారు. ఆర్మిండా తమ్ముడు బర్ల్‌కి ఆ రోజు తల పగిలింది. ఆ గొడవ సద్దుమణిగాక మా ఆయన, "రాన్సమ్ మంచివాడు, నేనెళ్ళి దేవుడి మాట చెప్తే వింటాడు" అని మా మత గ్రంథం చంకలో పెట్టుకుని బయల్దేరాడు. పుండు మీద కారం చల్లినట్టుంటుంది, వద్దన్నాను. విన్నాడా! రాన్సమ్ కూడా ఆ రోజు ఏ చిరాకులో ఉన్నాడో, మాట్లాడకుండా కుక్కని వదిలాడు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. దేవుడి మాట చెప్పడానికి వెళ్ళినవాణ్ణి ఎవరైనా గెంటేస్తే, వాడు ఆ వాకిట్లో జోళ్ళు విప్పి దుమ్ము దులిపి రావాలి. ఇక ఆ ఇంటి సంగతి దేవుడే చూసుకుంటాడు. ఇది ఊరికే చేసేది కాదు, ఆత్మ చెప్తేనే చేయాలి. ఓరిన్ పిక్క మీద కుక్కకాటుతో, రక్తం కారుతూ, టాకెట్ల గేటు దగ్గర కూలబడి జోళ్ళు రెండూ విప్పి టపటపా కొట్టాడు. మనసాగక వెనకాలే వెళ్ళి, వాళ్ళ కంచె దగ్గర నిలబడి అంతా చూశాను.

"ఏం చేశావయ్యా? బిడ్డని చేతుల్లోకి తీసుకున్న మనిషి ఇల్లది!" అన్నాను ఇంటికొచ్చాక.

"దులిపేశాను. ఇంక దేవుడి ఇష్టం" అన్నాడు, పిక్కకి గుడ్డ కట్టుకుంటూ.

నేను దాన్ని నమ్మాను. మా వాళ్ళు మునుపుండిన ఒహాయోలో మా మత పెద్ద ఒకాయన దుమ్ము దులిపిన ఇల్లు నెల తిరక్కుండా కాలిపోయిందని చెప్పుకునేవాళ్ళు. అది విన్ననాటి నుంచీ నాకు జోళ్ళంటే భయం. ఆ రెండు నెలలూ టాకెట్ల పొగగొట్టంలోంచి పొగ వస్తోందా లేదా అని రోజూ పొద్దున్నే లేచి చూసుకునేదాన్ని. వాళ్ళింటికి మాత్రం వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను?

అక్టోబరు మూడో వారానికి ఇళ్ళు తగలబెట్టడం దాకా వచ్చింది. వాళ్ళు మా వాళ్ళవి తగలబెట్టారు. మా వాళ్ళూ తక్కువ తినలేదు. ఒక కొట్టుకి నిప్పు పెట్టిన వాళ్ళలో ఓరిన్ కూడా ఉన్నాడు. వాళ్ళందరినీ కౌంటీ దండు, అంటే తుపాకులు పట్టిన అక్కడివాళ్ళు, వెతుకుతోంది, దొరికితే చెట్టుకి వేలాడదీస్తామంటోంది. మమ్మల్ని మా వాళ్ళ ఊరు ఫార్ వెస్ట్‌కి తీసుకుపోదామని ఓరిన్ తెల్లవారుజామున ఇంటికి చేరాడు. గుర్రం కుంటుతోంది. చీకటి పడ్డాక కాలినడకన పోదాం అనుకున్నాం. బిడ్డ పొత్తిగుడ్డలు మూట కట్టాను.

మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే రాన్సమ్ టాకెట్ వస్తున్నాడు. భుజాన తుపాకీ ఉంది.

నేల చెక్క రెండు పలకలు ఎత్తితే కింద దుంపలు దాచుకునే గొయ్యి. ఓరిన్ అందులోకి దిగాడు. నేను పలకలు వేసి, పైన ఉయ్యాల లాగి, ఉయ్యాల్లో బిడ్డని వేశాను. ఆ కంగారులో బిడ్డ తల దేనికో తగిలి ఏడుపందుకుంది. అప్పటికే రాన్సమ్ గుమ్మంలో ఉన్నాడు.

గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. ఎన్ని రాత్రులు నిద్ర లేదో. "చెల్లెమ్మా" అన్నాడు, టోపీ తీసి. "ఆర్మిండాకి బాగాలేదు. మూడు రోజులుగా ఒకటే వాంతులు. లేవలేకపోతోంది."

అంతే అన్నాడు. ఇంకేదో అనబోయాడు కూడా. నేను అననిస్తేగా!

"అన్నా, మమ్మల్నేం చేయకు!" అని ఏడ్చేశాను. "నేను వద్దనే అన్నాను. కుక్క కరిచిన కోపంలో దులిపాడు గానీ ఆర్మిండా అక్క చావాలని కాదు. తీసేస్తాం అన్నా, ఎలాగోలా తీసేస్తాం. కాల్చకు."

రాన్సమ్ నాకేసి అయోమయంగా చూశాడు. "ఏంటి తీసేది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే అంతా చెప్పుకొచ్చాను. జోళ్ళు, దుమ్ము, ఒహాయోలో కాలిపోయిన ఇల్లు, ఒక్క ముక్క మిగల్చలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు ఆ రోజు జారడం కాదు, కొండ మీంచి దొర్లింది.

"రాయి గుచ్చుకుందనుకున్నా" అన్నాడు రాన్సమ్ నెమ్మదిగా. "వాడు జోడు విప్పి కొడుతుంటే, లోపల రాయుందనుకున్నా. నేనూ ఆర్మిండా నవ్వుకున్నాం కూడా."

అప్పుడు అర్థమైంది నాకు. ఈ మనిషి మమ్మల్ని నిలదీయడానికి రాలేదు. పక్కింటిదాన్ని కదా, కాస్త వచ్చి కూర్చోమని పిలవడానికి వచ్చాడు. తుపాకీ అంటారా, ఆ నెలలో తుపాకీ లేకుండా పెరట్లోకి కూడా ఎవరూ వెళ్ళలేదు.

ఇప్పుడు మాత్రం అతని ముఖం మారిపోయింది. "దూడ చచ్చిపోయింది" అన్నాడు. "ఎర్రావు నిలబడలేక వణుకుతోంది. సెప్టెంబర్లో గొడ్డలి జారి నా బొటనవేలు తెగింది. అవన్నీ...?" రెండు నెలల కష్టాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని మా ఆయన జోళ్ళకి తగిలించడం నా కళ్ళారా చూశాను. తగిలించడానికి కొక్కెం నేనే ఇచ్చాను.

"ఎవరు తియ్యాలి?"

"పెట్టినవాడే."

"వాడేడి?"

"ఫార్ వెస్ట్‌లో ఉన్నాడు" అన్నాను. ఓరిన్ తల అతని బూట్లకి రెండడుగుల దూరంలో, నేల కింద ఉంది. బిడ్డ ఏడుపు ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో గోతిలోంచి ఒక్క దగ్గు వచ్చినా అయిపోయేది.

రాన్సమ్ ఉయ్యాల కేసి, దాని కింద నేల కేసి చూశాడు. చాలాసేపు చూశాడు. "బర్ల్ మా ఇంట్లోనే ఉన్నాడు" అన్నాడు చివరికి. "ఇంకా ఇద్దరున్నారు దండువాళ్ళు. పొద్దుగూకేలోగా మీ ఆయన్ని తీసుకురా. తీసుకురాకపోతే వాళ్ళని ఇక్కడికి తెస్తాను. వాళ్ళు పలకలు పీకి చూస్తారు, చెల్లెమ్మా. నేను పీకలేదు."

అతను వెళ్ళాక ఓరిన్ పైకొచ్చాడు. జుట్టునిండా మట్టి. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు, దాంతో ఇంకా ఎక్కువ భయం వేసింది.

"అది తీసేది కాదు కెజియా" అన్నాడు. "పెట్టడానికి పద్ధతుంది గానీ తీయడానికి లేదు."

"ఒకటడుగుతా, నిజం చెప్పు. దేవుడు చెప్తే దులిపావా, కుక్క కరిస్తే దులిపావా?"

తన చేతులకేసి చూసుకున్నాడు, అవి వేరే ఎవరివో అన్నట్టు. "కుక్క కరిస్తేనే" అన్నాడు. "నా కోపానికి దేవుడి సంతకం పెట్టాను. ఆవిడ పోతే నేనే చంపినట్టు."

పారిపోదామంటే పట్టపగలు. ఇంటి చుట్టూ ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి, దాక్కోవడానికి పొద కూడా లేదు, చేతిలో చంటిపిల్ల. ఇంట్లోనే ఉందామంటే సాయంత్రానికి పలకలు లేస్తాయి. నేను ఇవన్నీ పైకే లెక్కేస్తుంటే ఓరిన్ అలమరలోంచి నూనె సీసా తీసి జేబులో పెట్టుకున్నాడు. రోగుల తలకి రాయడానికి ప్రార్థన చేసి దాచిన నూనె అది.

"నువ్వు బిడ్డతో ఇక్కడే ఉండు" అన్నాడు.

"ఆ, ఉంటాను. నీ శవం తెచ్చి గుమ్మంలో పడేస్తే తలుపు తీయడానికి!" అన్నాను. బిడ్డని నడుముకి కట్టుకుని వెనకాలే నడిచాను. మైలు దూరమే. ఆ మైలంతా నా పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

టాకెట్ల పెరట్లో బర్ల్, ఇంకో ఇద్దరు కట్టెల మోపుల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో విస్కీ కూజా. రాన్సమ్ అప్పటికే వాళ్ళకి చెప్పేశాడు. బర్ల్ నుదుటి మీద ఎలక్షన్ నాటి మచ్చ ఎర్రగా మెరుస్తోంది. ఒళ్ళో తాడు చుట్ట పెట్టుకుని ఉన్నాడు.

"రావయ్యా మంత్రగాడా!" అన్నాడు. "జోళ్ళు వేసుకొచ్చావా, చేత్తో పట్టుకొచ్చావా?" పక్కవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "బావా, మా తాత చెప్పేవాడు. పెట్టినవాడు చస్తే పెట్టింది కూడా పోతుందట. ప్రార్థనలూ గీర్థనలూ ఎందుకు?"

"ముందు వాణ్ణి చూడనీ" అన్నాడు రాన్సమ్.

బర్ల్ పెరట్లో హికరీ చెట్టు చూపించాడు. "సరే. పొద్దు ఆ కింది కొమ్మకి దిగేదాకా. అప్పటికి మా అక్క లేచి నా ముందు నిలబడితే వీడు నడిచి పోతాడు. లేకపోతే ఆ కొమ్మకే వీడు."

పొద్దుకీ కొమ్మకీ మధ్య బెత్తెడు ఉందో లేదో.

ఓరిన్ గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జోళ్ళు విప్పాడు. ఏం చేయాలో తెలియదు పాపం, ఎవరు నేర్పారు గనక? చివరికి నేల మీది మట్టి దోసిట్లోకి తీసుకుని తన నెత్తిన పోసుకున్నాడు. "నాది తప్పు" అన్నాడు, పైకే. బర్ల్ పక్కనున్నవాడు నవ్వబోయి ఆపేశాడు. నాకు మాత్రం ఆ మట్టి నా బిడ్డ మీద కూడా పడుతోందేమోనని భయమేసి రెండడుగులు వెనక్కి వేశాను.

లోపల ఆర్మిండాని చూస్తే గుర్తుపట్టలేకపోయాను. బలమైన మనిషి, పీచులా అయిపోయింది. నాలుక ఎర్రగా వాచి ఉంది. ఊపిరి ఏదో తియ్యటి కుళ్ళు వాసన వేస్తోంది. ఓరిన్ సీసా మూత తీశాడు. సగం నూనె దుప్పటి మీద ఒలకబోశాడు. మిగిలింది ఆమె నుదుటికి రాసి, రెండు చేతులూ తల మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వీధుల్లో గంటలకొద్దీ బోధించే మనిషికి ఆ రోజు నాలుగు మాటలు దొరకలేదు. "ప్రభువా... ప్రభువా..." అని ఆగిపోతున్నాడు.

ఆర్మిండా కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఏంటే ఈ తంతు?" అంది. గొంతు లేదు, గాలే ఉంది.

చెవిలో చెప్పాను, నా నోటి తీటతో సహా.

"ఓసి పిచ్చిదానా! పాలు. ఎర్రావు పాలు. అడవంచున ఏదో ఆకు మేసింది, వణుకు రోగం వచ్చింది. కెంటకీలో మా అమ్మ ఇలాగే పోయింది. మూడు రోజులుగా ఆయనతో చెప్తున్నా, ఆవుని కాల్చెయ్యి అని. నీ మొగుడి జోళ్ళకి అంత మహిమ ఉందా?"

నేను ఒక్క పరుగున గుమ్మం దగ్గరికి వెళ్ళాను. "పాలవల్లట! అక్కే చెప్పింది, ఆవు పాలవల్లట!" అని అరిచాను.

బర్ల్ లేచి నిలబడ్డాడు. "విన్నావా బావా? మధ్యాహ్నం తన నోటితోనే ఒప్పుకుంది. ఇప్పుడు ఆవు మీదకి తోస్తోంది. ఆవు వచ్చి కాదంటుందా?"

రాన్సమ్ నాకేసి చూడలేదు. చూస్తే ఆ మూడు రోజులూ భార్య మాట పెడచెవిన పెట్టింది తనేనని ఒప్పుకోవాలి. మనిషికి తన తప్పు కంటే పక్కవాడి శాపం తేలిక. నేను భయంతో వాగిన జోళ్ళ కథని నమ్మారు, గొంతు చించుకుని చెప్పిన అసలు నిజాన్ని నమ్మలేదు. పొద్దు కింది కొమ్మని తాకింది. బర్ల్ తాడు విప్పుతున్నాడు.

వెనకనుంచి ఆర్మిండా నా పేరు పిలిచింది. "లేపు నన్ను."

"అక్కా, నీవల్ల కాదు."

"నువ్వు బిడ్డని కనేటప్పుడు కూడా ఇదే కూత కూశావు. లేపు."

ఓరిన్ ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకున్నాం. మంచానికీ గుమ్మానికీ ఎనిమిది అడుగులు. గుమ్మం దగ్గర మా చేతులు విదిలించుకుంది. ఒక చెయ్యి తలుపు బద్ద మీద, ఇంకో చెయ్యి నా మెడ మీద, కబుర్లు చెప్పుకునే ఆడవాళ్ళు వేసుకున్నట్టు వేసింది. బయటికి అలాగే కనిపించి ఉంటుంది. ఆమె గోళ్ళు నా మెడలో దిగబడ్డాయి. ఆమె బరువంతా ఆ గోళ్ళ మీదే ఉంది.

"బర్లూ, ఏంట్రా ఆ తాడు? గుర్రాలు తప్పించుకున్నాయా?" అంది. ఆ గొంతు ఎక్కడినుంచి తెచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

బర్ల్ తాడున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకు తగ్గింది" అంది ఆర్మిండా. "ఈయన చెయ్యి పెట్టగానే తగ్గింది. ఆకలేస్తోంది. రాన్సమ్, నించుని చూస్తావేం? రొట్టె ముక్క పట్రా."

రాన్సమ్ మొక్కజొన్న రొట్టె తెచ్చాడు. కొరికింది. నమిలింది. అందరం ఆ దవడ కేసే చూస్తున్నాం. తర్వాత నవ్వింది కూడా. ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ముద్ద బుగ్గలోనే ఉంది, గొంతు దాటలేదు.

"ఇంక పోండి" అంది మాతో. "మళ్ళీ మా గేటు దగ్గర జోళ్ళు విప్పారో, ఈసారి కుక్క కాదు, నేనే కరుస్తా."

ఓరిన్ కదిలాడు. బర్ల్ అడ్డం రాలేదు సరికదా, ఓరిన్ చెయ్యి ఎక్కడ తగులుతుందోనని కట్టెల మోపు వెనక్కి జరిగాడు. తాడు చేతిలోంచి జారి కింద పడింది. నేను ఆర్మిండా చేతిని నా మెడ మీంచి తీసి తలుపు బద్దకి ఆనించాను. ఒక్కొక్క వేలూ తీయాల్సి వచ్చింది. అంతమందిలో ఏమీ అనలేను. అంటే అయిపోతుంది. జీవితంలో ఒక్కసారి నోరు మూసుకున్నాను.

గేటు దాటాం. ఇంటికి వెళ్ళలేదు, మూట అక్కడే ఉండిపోయింది. పరిగెత్తకూడదు, పరిగెడితే అనుమానం. ఆమె ఎంతసేపు నిలబడగలిగితే మేం అంత దూరం పోగలం. కూలిపోతే గుర్రాలు మా వెనకే వస్తాయి. అది తెలిసి అడుగులో అడుగు వేసుకుంటూ నడవడం అంటే ఏమిటో చెప్పలేను. వాగు దాటాక వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో ఆమె ఆకారం ఇంకా నిలబడే ఉంది. తర్వాత గడ్డి మైదానంలో పడ్డాం. ప్రతి చప్పుడూ గుర్రం డెక్కలాగే వినిపించింది. తెల్లారేసరికి ఫార్ వెస్ట్‌లో ఉన్నాం.

ఆ చలికాలం మమ్మల్నందరినీ రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టారు. ఫిబ్రవరిలో మేం ఉన్న నాలుగు సామాన్లు బండిలో వేసుకుంటుంటే, మా వాళ్ళ పశువుల్ని చవగ్గా కొనడానికి వచ్చిన వాళ్ళలో రాన్సమ్ టాకెట్ కనిపించాడు. నన్ను చూసి బండి దగ్గరికి వచ్చాడు. ఓరిన్ నీళ్ళకి వెళ్ళాడు. బిడ్డని గుండెకి హత్తుకుని చక్రం వెనక్కి జరిగాను, అంత భయం ఇంకా ఉంది నాలో.

"ఆవుని కాల్చేశాను, చెల్లెమ్మా" అన్నాడు.

"అక్క ఎలా ఉంది?"

అతను టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "మీరు వెళ్ళాక గుమ్మంలోంచి కదలనంది. వాగు దాటారా అని అడిగింది. దాటారన్నా. గడ్డిలో పడ్డారా అంది. పడ్డారన్నా. చీకటి పడ్డాక గానీ కూర్చోలేదు. రొట్టె ఉమ్మేసింది, నా చేతిలో. బర్ల్‌కి తెలియనివ్వలేదు నేను. వాడు గంటకోసారి వచ్చి, ఎలా ఉందే అక్కా అని అడిగేవాడు. తగ్గిందిరా అనేది. మర్నాడంతా అదే మాట. మూడో రోజు పొద్దున కూడా తగ్గిందిరా అంది. మధ్యాహ్నానికి పోయింది."